తుంటి విరిగితే సగం మార్చాలా, మొత్తం మార్చాలా? కొన్ని అపోహలు

"సార్, సగం మారిస్తే సగం రోజులే పనిచేస్తుందటగా, ఖర్చెక్కువైనా ఫుల్‌దే వేసేయండి." వారం తిరక్కుండా వినే మాట ఇది. బాత్రూంలో జారిపడ్డ తల్లి క్యాజువాల్టీలో మూలుగుతుంటుంది, పిల్లలు బయట ఫోన్లలో ఇంప్లాంట్ రేట్లు చూస్తుంటారు.

తొడ ఎముక పైభాగంలో మెడలా సన్నగా ఉండే చోట విరిగి ముక్క పక్కకు జరిగితే పైనున్న బాల్‌కు రక్తం సరిగా అందదు, అందుకే పెద్దవాళ్లకు దాన్ని మార్చేస్తాం. సగం మార్చడమంటే హెమీ, అందులో (బైపోలార్ అనే రకం ఇందులోదే) బాల్ ఒక్కటే కొత్తది, మొత్తం మార్చే టోటల్‌లో బాల్ కూర్చునే గిన్నె కూడా మారుతుంది. 2019లో వచ్చిన ‘హెల్త్’ (HEALTH) అనే ట్రయల్‌లో 50 ఏళ్లు, ఆపై వయసున్న దాదాపు 1,500 మందిని చూస్తే, రెండేళ్లలో ఆ తుంటికి మళ్లీ ప్రొసీజర్ అవసరమైనవాళ్లు టోటల్‌లో 7.9 శాతం, హెమీలో 8.3 శాతం. తేడా లేనట్టే. కీలు జారడం, నిలకడ లేకపోవడం మాత్రం టోటల్‌లో 4.7 శాతం, హెమీలో 2.4 శాతం. నొప్పి, నడక విషయంలో టోటల్‌కు కాస్త మొగ్గుంది, కాదనను. పొలానికి వెళ్లొచ్చే 68 ఏళ్ల మనిషికి, అంతకుముందే కీలు అరిగినవాళ్లకు నేనూ టోటలే వేస్తాను. ఇంట్లో కర్ర పట్టుకుని తిరిగే, మతిమరుపున్న 85 ఏళ్ల అవ్వకు హెమీ చాలు. కింద కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు గుర్తుండదు, టోటల్ వేస్తే జారే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది ఈ తర్జనభర్జనలో పోయే రోజులు. ఈమధ్య ఒక పెద్దావిడ విషయంలో చిన్నకొడుకు టోటల్ అన్నాడు, అమెరికాలో ఉన్న పెద్దకొడుకు వీడియో కాల్‌లో సిరామిక్ బాల్ అన్నాడు, మేనమామ పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామన్నాడు (విరిగి జరిగిన తొడ ఎముక మెడకు ఏ కట్టూ రక్తం తెచ్చిపెట్టదండీ). ఈలోగా ఆమె నడుము కింద చర్మం ఎర్రబడింది, చనిపోయిన భర్తతో రాత్రిళ్లు మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె అడిగింది ఒక్కటే: "ఏదో ఒకటి వేసి నన్ను లేపి కూర్చోబెట్టండయ్యా."

"ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా?" అనే భయం నాకు అర్థమవుతుంది. అయితే తట్టుకోలేనిది మంచాన్ని. న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు అక్కడే మొదలవుతాయి. వీలైతే 24 నుంచి 48 గంటల్లో చేసేయాలి. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన ఆపక్కర్లేదు, చాలామందికి నడుముకు ఇచ్చే మత్తే సరిపోతుంది.

ఇంప్లాంట్‌ను ఎముకలో అతికించే సిమెంట్ పాతకాలపుదనీ, దానివల్ల గుండె ఆగిపోతుందనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. రిస్కు ఉంది, అరుదు, మత్తు డాక్టర్ దానికి సిద్ధంగానే ఉంటారు. హెమీ చేయించుకున్న 60 దాటినవాళ్ల మీద బ్రిటన్‌లో చేసి 2022లో ప్రచురించిన ట్రయల్‌లో, ఇంప్లాంట్ చుట్టూ ఎముక మళ్లీ విరగడం సిమెంట్‌తో 0.5 శాతం, లేకుండా 2.1 శాతం.

పక్కింటావిడకు రాడ్డేస్తే మాకు బాల్ ఎందుకని పోట్లాడకండి, ఆమెకు విరిగింది తొడ ఎముక మెడకు కింద, అక్కడ ఎముక అతుక్కుంటుంది. మర్నాడే నడిపిస్తే బాల్ కదిలిపోతుందనేదీ అపోహే, మేము నడిపించేదే మర్నాడు. ఎముక బలానికి రాసిచ్చిన మందులు మాత్రం ఆపరేషన్ అయిపోయిందిగా అని మానేయకండి, రెండో తుంటి కూడా అంతే బలహీనంగా ఉంటుంది.