మీటర్‌లో 24 వోల్టులు చూపిస్తే వైరు మంచిదేనా?

"అన్నా, మీటర్ పెట్టి చూశాను, ఫుల్ వోల్టేజ్ వస్తోంది. వైరింగ్‌లో ఏ లోపమూ లేదు." ఈ మాట ఫోన్‌లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎక్స్‌కవేటర్ లాంటి 24 వోల్టుల బండికి అప్పటికే సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) మార్చేసి ఉంటారు, లేదంటే కంట్రోలర్‌కు (బండిలోని కంప్యూటర్ పెట్టె) ఆర్డర్ పెట్టేసి ఉంటారు. బండి కదలదు, కిస్తీ తేదీ ఆగదు. ఆ టెన్షన్‌లో ఎవరు ఏది మార్చమంటే అది మార్చేస్తారు. యజమానులను నేను తప్పుపట్టను. "కంట్రోలర్ పోయింది" అని కొలవకుండానే పుకారు పుట్టించేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: వోల్టేజ్ వస్తోందంటే వైరు మంచిదే.

వాస్తవం: వోల్టేజ్ కనిపించడం వేరు, వైరు లోడు మోయడం వేరు. డిజిటల్ మీటర్ లోపల మామూలుగా 10 మెగా ఓంల రెసిస్టెన్స్ ఉంటుంది. కొలిచేటప్పుడు అది లాగే కరెంటు మైక్రో ఆంపియర్లలోనే. అందుకే దారిలో 10 వేల ఓంల తుప్పు అడ్డున్నా మీటర్‌లో 0.03 వోల్టు కూడా తగ్గదు. అదే దారిలో సెల్ఫ్ 400 ఆంపియర్లు లాగాలనుకోండి. 0.01 ఓం అడ్డున్నా 4 వోల్టులు అక్కడే పోతాయి. ఓమ్స్‌లో పెట్టి దాన్ని పట్టుకుందామన్నా కుదరదు, మీటర్ ప్రోబు వైర్లకే అంతకు పది రెట్లకు పైగా రెసిస్టెన్స్ ఉంటుంది. వైరు తెగలేదని మీటర్ కొట్టే బీప్‌నూ నమ్మకండి. తెగిన వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీకి వెళ్లాను. ఎక్స్‌కవేటర్ కీ తిప్పితే కట్‌కట్ అని ఆగిపోతోంది. రెండు బ్యాటరీలూ కొత్తవి, సెల్ఫ్ కూడా కొత్తదే. ఆ యజమాని అప్పు చేసి కొన్నాడు, రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. కీ తిప్పకుండా సెల్ఫ్ బోల్టుకీ ఇంజన్ బాడీకీ మధ్య కొలిస్తే 25.2 వోల్టులు, అంతా బాగున్నట్టే. అప్పుడు ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ బాడీ మీద పెట్టి కీ తిప్పమన్నాను. మీటర్‌లో అంకె సున్నా నుంచి ఎగిరి 7 దాటింది. ఎర్త్ వైరు బోల్టు విప్పితే లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింద పెయింటు, దాని కింద ఎర్రటి తుప్పు పొడి. ఎమెరీ కాగితంతో రుద్ది లోహం మెరిసేదాకా తెచ్చి బిగించాను. మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది. ఆ మనిషి ఏమీ మాట్లాడలేక అలా కూర్చుండిపోయాడు.

ఈ పరీక్షనే వోల్టేజ్ డ్రాప్ అంటాం. బకెట్ నేలకు దించి, సేఫ్టీ లివర్ లాక్ చేసి, బండి దగ్గర ఎవరూ లేరని చూసుకున్నాకే కీ తిప్పించాలి. ప్రోబు లగ్గు మీద కాదు, బ్యాటరీ పోస్టు మీదే పెట్టాలి. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ బోల్టుకు ఒకసారి, మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి ఒకసారి. ఏ వైపైనా అర వోల్టు దాటితే ఒక్కో జాయింటూ దాటుకుంటూ కొలవండి, దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. ఫ్యూజు కంటికి బాగుంటే సరిపోదు, కీ ఆన్‌లో రెండు కాళ్ల దగ్గరా కొలవాలి. 24 వోల్టుల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు పాత పద్ధతి అనకండి, హారన్‌కూ లైట్లకూ అది కరెంటు లాగి నిజం చెబుతుంది. కానీ 5 వోల్టుల సెన్సర్ వైర్లకు దాన్ని తాకించొద్దు. క్యాన్ లైను (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లు) ఎర్రర్ కోడ్ రాగానే కంట్రోలర్ మీద నింద వేయకండి. బ్యాటరీ విడదీసి రెండు క్యాన్ వైర్ల మధ్య కొలవండి. 60 ఓంలు రావాలి. 120 వస్తే లైను రెండు చివర్లా ఉండే రెసిస్టర్లలో ఒకటి అందడం లేదు, ముందు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) చూడండి.

చివరగా, కరెంటు కొలవడానికి మీటర్‌లో ప్రోబు గుచ్చే ఆంపియర్ రంధ్రం. కరెంటు కొలిచి, ఎర్ర ప్రోబును అక్కడే వదిలేసి, మళ్లీ బ్యాటరీ మీద వోల్టులు కొలవబోతే అది నేరుగా షార్టే. లోపల ఫ్యూజు లేని చవక మీటరైతే ప్రోబు వైరు చేతిలోనే కాలుతుంది. ఒక కుర్రాడి బొటనవేలికి బొబ్బలెక్కడం చూశాను. అప్పటినుంచి నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఆ రంధ్రం మీద ఎర్ర టేపు అంటించాకే మీటర్ ఇస్తున్నాను.