డెల్టా తీరం నుంచి దక్షిణాకాశం

ఆకాశ వీక్షణం పెడదామనగానే చాలామందికి పౌర్ణమే గుర్తొస్తుంది. చంద్రుడు నిండుగా ఉంటాడు కదా అనుకుంటారు. కానీ టెలిస్కోప్‌కి అది మంచి రోజు కాదు. ఆ రోజు చంద్రుడి మీద ఎండ మనవైపు నుంచే నేరుగా పడుతుంది కాబట్టి గుంటలకూ కొండలకూ నీడలు ఉండవు, అంతా తెల్లగా వెలిగిపోతుంది. శుద్ధ అష్టమినాడైతే వెలుగూ చీకటీ కలిసే గీత పొడవునా నీడలు సాగి, ఒక్కో గుంట అంచు విడిగా తెలుస్తుంది. చుక్కలు చూడాలంటే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులే కావాలి.

తేదీ తర్వాత చూసుకోవలసింది దిక్కు. దీన్ని మనం బొత్తిగా పట్టించుకోవడం లేదని నా బాధ. చంద్రుడు, గురుడు, శని వలయాలు తప్పకుండా చూపించాలి. అయితే అవి ఢిల్లీలోనూ అలాగే కనిపిస్తాయి. కోనసీమ ఉన్నది సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. అందుకే ఇక్కడ ధ్రువ నక్షత్రం కూడా దాదాపు అంతే ఎత్తులో, కొబ్బరి తోటల వెనక ఉండిపోతుంది. ఉత్తరాన తగ్గినదంతా దక్షిణాన మనకు కలిసొస్తుంది. అంతర్వేది ఒడ్డున నిలబడి దక్షిణానికి తిరిగితే ముందున్నది సముద్రమే. ఆ వైపు ఊళ్లు లేవు, వీధి దీపాలు లేవు. ఇంత చీకటి దిగంతం దేశంలో ఎంతమందికి దొరుకుతుంది?

ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో అగస్త్య నక్షత్రం సరిగ్గా దక్షిణాన, 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి దిగంతం నుంచి రెండు పిడికిళ్లు లెక్కపెడితే చాలు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత ప్రకాశమైన నక్షత్రం ఇదే. మే నెలలో అదే వేళకు త్రిశంకువు, అంటే సదరన్ క్రాస్, నిటారుగా నిలబడుతుంది. దాని అడుగున ఉన్న నక్షత్రం ఢిల్లీలో అసలు ఉదయించదు. మనకు మాత్రం సముద్రం మీద 10 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ పైన కాస్త తూర్పుగా బైనాక్యులర్ తిప్పితే పొగమచ్చలాంటి ఒక గుండ్రటి వెలుగు దొరుకుతుంది. అది ఒమెగా సెంటారీ. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి నక్షత్రాలు ఒకే ముద్దగా ఉన్నాయక్కడ! పెద్ద టెలిస్కోప్ లేదని కార్యక్రమం మానుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది దీని గురించే.

ఇబ్బందులు లేకపోలేదు. దిగంతానికి 10 డిగ్రీల ఎత్తున్న నక్షత్రం కాంతి, నడినెత్తిన ఉన్నదానితో పోలిస్తే అయిదు రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఇంకా మసకబారుతుంది. చలికాలంలో లెన్సు మీద మంచు పడుతుంది. దళసరి అట్టను గొట్టంలా చుట్టి ముందు తొడిగితే కొంతసేపు ఆగుతుంది. రొయ్యల చెరువుల దగ్గర లైట్లుంటాయి కాబట్టి స్థలాన్ని ముందురోజు రాత్రే వెళ్లి చూసుకోవాలి. సెల్‌ఫోన్లు కూడా జేబుల్లోనే ఉండాలి. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క ఫ్లాష్‌తో అదంతా పోతుంది.

ఆ అరగంటే ప్రసంగానికి సరైన సమయం. బ్లాక్ హోల్స్‌తో మొదలుపెట్టడం కంటే పక్క డెల్టాలో జరిగిన కథ చెప్పడం నాకిష్టం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కృష్ణా తీరం మీదుగా వెళ్లింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ స్పెక్ట్రోస్కోప్‌లు, అంటే కాంతిని రంగులుగా విడగొట్టి చూపే పరికరాలు, పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిలో ఒక పసుపు గీత కనబడింది. తర్వాత అది కొత్త మూలకానిదని తేలింది, హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. బుడగల్లో నింపే వాయువు ముందు సూర్యుడిలో, అదీ మన పొరుగూళ్ల నుంచి చూసినప్పుడు బయటపడిందంటే పిల్లలు తప్పకుండా ప్రశ్నలు అడుగుతారు.

రాత్రిపూట పిల్లల్ని తీసుకురాలేని బడులు పగలే ఒక కార్యక్రమం పెట్టుకోవచ్చు. మే మొదటి వారం చివర్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు డెల్టా మీద సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి మనకు ఆ క్షణం గడియారంలో పన్నెండుకు కొద్ది నిమిషాలు అటూ ఇటూగానే వస్తుంది. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. ఆగస్టులో వరసగా నాలుగైదు రోజులు కర్ర పాతి ఉంచితే ఒక్కరోజైనా ఎండ దొరకవచ్చు. రోజూ నీడ కొలిచి రాసుకుంటే, సూర్యుడు దక్షిణానికి జరుగుతున్న సంగతి పిల్లలకు వాళ్ల నోట్‌బుక్కులోనే కనిపిస్తుంది.