14 వేల అడుగుల ఎత్తులో తలనొప్పి: అపోహలు - వాస్తవాలు

వేసవి రాగానే డెన్వర్‌లోని మన ఇళ్లకు హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో, టెక్సస్ నుంచో చుట్టాలు వస్తారు. వచ్చిన మర్నాడే వారిని దగ్గర్లోని 14 వేల అడుగుల కొండ మౌంట్ బియర్‌స్టాట్ ఎక్కించాలని ఇంటివారు ఉబలాటపడతారు. ఎమర్జెన్సీ వైద్యంలో పనిచేస్తూ, సెలవు దొరికితే అవే కొండలెక్కే నాకు ప్రతి ఏడూ వినిపించే మాట ఒకటుంది: "మావాడు రోజూ జిమ్‌కు వెళతాడండీ, వాడికేమీ కాదు." మనవారికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే కాబట్టి ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఒళ్లు గట్టిగా ఉన్నవారికి ఎత్తు వల్ల జబ్బు చేయదు.

వాస్తవం: దేహదారుఢ్యం ఈ జబ్బును ఆపలేదు. కొండపైన కూడా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే ఉంటుంది, తగ్గేది గాలి పీడనం. 14 వేల అడుగుల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 60 శాతం మాత్రమే. దీనికి శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. ఎంత వేగంగా ఎంత ఎత్తుకు వెళ్లారు, అంతకుముందు రాత్రులు ఎక్కడ పడుకున్నారు, ఇదివరకెప్పుడైనా ఈ జబ్బు చేసిందా అన్నవే ఇక్కడ లెక్కకు వస్తాయి. కండబలం లెక్కకు రాదు. పైగా పరుగుకు అలవాటు పడినవారు గబగబా ఎక్కి, ఒంట్లో తేడాను ఖాతరు చేయక, ఇంకా త్వరగా ఇబ్బందిలో పడుతుంటారు.

"కేదార్‌నాథ్ నడిచి వచ్చాం, ఇదెంత?" అనే పెద్దలు ఒక్క విషయం గమనించాలి. బియర్‌స్టాట్‌కు బయలుదేరే గ్వనెల్లా పాస్‌లో కారు ఆపుకునే చోటే సుమారు 11,670 అడుగుల ఎత్తున, అంటే కేదార్‌నాథ్ ఆలయమంత ఎత్తున ఉంది. శిఖరం అక్కడికి దాదాపు 2,400 అడుగుల పైన ఉంటుంది.

ఒక జులైలో శిఖరానికి కొంచెం దిగువన, బండల దగ్గర, ఇద్దరు అన్నదమ్ములు కనిపించారు. తమ్ముడు మారథాన్‌లు పరుగెత్తేవాడు, రెండు రోజుల క్రితమే హైదరాబాదు నుంచి దిగాడు. తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు, పొద్దున తిన్న బ్రెడ్డు కక్కేశాడు. "జెట్‌లాగ్ లేరా, ఇంకో అరగంటలో పైన ఉంటాం" అని అన్న ధైర్యం చెబుతున్నాడు. నేను ఆ అబ్బాయిని లేపి, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో పది అడుగులు వేయమన్నాను. అడుగులు తిన్నగానే పడ్డాయి గానీ ముఖం పాలిపోయి ఉంది. ముగ్గురం వెంటనే దిగాం. కారులో 8,500 అడుగుల ఎత్తున ఉన్న జార్జ్‌టౌన్ చేరేసరికి నొప్పి సగానికి సగం తగ్గి, తినడానికి ఏమైనా ఉందా అని ఆ అబ్బాయే అడిగాడు.

ఆ అన్న చెప్పిన జెట్‌లాగ్‌తో పాటు, కాఫీ పడకపోవడం, ఎండ, నిద్ర చాలకపోవడం అని నేను వినని కారణం లేదు. ఎత్తులో తలనొప్పికి వికారమో, తలతిరుగుడో, విపరీతమైన నీరసమో తోడైతే, వేరే కారణం రుజువయ్యేదాకా దాన్ని ఎత్తు జబ్బుగానే చూడాలి, ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు. తూలుతున్నా, మాట తడబడుతున్నా మెదడులో వాపు మొదలైందని, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. అప్పుడు 911కు ఫోన్ చేస్తూనే, మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆలస్యం చేయకుండా కిందికి దించాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న వాట్సాప్ సందేశం శుద్ధ అబద్ధం. పైగా ఆ బిళ్లను పిల్లలు మింగితే మూర్ఛ రావచ్చు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా ఉపశమనం ఇచ్చినా నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైకి వెళ్లకూడదు. దాహానికి సరిపడా నీళ్లు తాగాలి గానీ, లీటర్ల కొద్దీ తాగితే జబ్బు ఆగదు, రక్తంలో సోడియం పడిపోతుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర నిజంగా పనిచేసే మందే. దాన్ని ముందురోజు నుంచే, వైద్యుణ్ని అడిగి వేసుకోవాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, సోడా చప్పగా అనిపించడం దానివల్ల మామూలే. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని ఆలస్యంగా బయలుదేరకండి, జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి పిడుగులు పడతాయి, ఆలోగా చెట్లున్న ఎత్తుకు దిగిపోవాలి.

ఆక్సీమీటర్ చూసి బెంబేలెత్తేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. కరోనా రోజుల్లో 94 అన్న అంకె మన మనసుల్లో అంతగా నాటుకుపోయింది. ఆ కొలత కొండమీద చెల్లదు. 14 వేల అడుగుల దగ్గర ఆరోగ్యవంతులకూ 80ల్లో చూపడం సాధారణం, వేళ్లు చల్లబడితే ఇంకా తక్కువ చూపుతుంది. అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడో చూడండి.

అమ్మానాన్నలను కొండలకు తీసుకువెళ్లడం మానుకోనక్కరలేదు, వయసు పైబడినంత మాత్రాన ఈ జబ్బు ఎక్కువేమీ రాదు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే ముందుగా వైద్యుణ్ని సంప్రదించండి. మొదటి రెండు మూడు రాత్రులు డెన్వర్‌లోనే పడుకోనిచ్చి, తర్వాత ఒక పగలు 7,500 అడుగుల ఎత్తున ఉన్న ఎస్టెస్ పార్కు ఊళ్లో నెమ్మదిగా తిప్పి, అక్కడ వారికి ఎలా ఉందో చూసుకున్నాకే గ్వనెల్లా పాస్ మాట తలపెట్టండి.