పిట్టగోడ దాటిన తూము

అమెరికాలోని ఆరిజోనాలో, పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో పెయింటెడ్ డెజర్ట్ ఇన్ అనే పాత విడిది ఉంది. 1920లలో హెర్బర్ట్ లోర్ దాన్ని రాయిగా మారిన చెట్ల దుంగలతో కట్టించాడు. 1936లో ప్రభుత్వం కొన్నాక వాస్తుశిల్పి లైల్ బెనెట్ కొత్త నమూనా గీశాడు. నిరుద్యోగ యువతకు పని కల్పించిన ప్రభుత్వ పథకం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు దాన్ని ప్యూబ్లో పద్ధతిలో, అంటే అక్కడి ఆదివాసుల ఇళ్ల తీరులో, తిరిగి కట్టారు. మందపాటి గోడలు, చదును కప్పులు, పాండెరోసా పైన్ దూలాలు, వాటి మీద ఆస్పెన్ వాసాలు. అందరూ దూలాల కొనలను ఫొటో తీసుకుంటారు. ఈ శైలి కట్టడాల్లో నన్ను ఆకట్టుకునేవి మాత్రం పిట్టగోడ దాటి ముందుకు చాచిన నీటి తూములు. అక్కడ వాటిని కనాలెస్ అంటారు.

ఈ విడిది కింద ఉన్నది బెంటొనైట్ బంకమన్ను. ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన చిన్లీ అనే శిలా పొరల్లో అగ్నిపర్వతాల బూడిదే ఇలా మారింది. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం రేకులు రేకులుగా ఉంటుంది. ఒక్కో రేకు మందం సుమారు 1 నానోమీటరు (మీటరులో వందకోట్లవ వంతు). రేకులకు రుణావేశం ఉంటుంది కాబట్టి సోడియం, కాల్షియం అయాన్లు వాటి మధ్య చేరతాయి. తడి తగలగానే ఆ అయాన్లు నీటి అణువులను లాక్కుంటాయి. మొదట ఒక వరస, తర్వాత రెండు, మూడు. ఒక రేకు అడుగు నుంచి తర్వాతి రేకు అడుగు దాకా దూరం పొడిగా ఉన్నప్పుడు సుమారు 1 నానోమీటరు, అది 1.9కి చేరుతుంది. సోడియం ఎక్కువైతే అక్కడా ఆగదు. లెక్కలేనన్ని రేకులు ఒకేసారి ఎడమైతే నేల ఉబ్బి పునాదిని ఎత్తేస్తుంది, ఎండితే కుంగదీస్తుంది. ఇల్లంతా సమంగా లేచి దిగితే పెద్దగా నష్టం లేదు. ఒక మూల నాని, మరో మూల ఎండి ఉన్నప్పుడే గోడ చీలుతుంది. ఆ చీలికలోంచి దిగిన నీరు అడుగు మట్టిని మళ్లీ తడుపుతుంది.

మన నల్లరేగడిలోనూ ఉబ్బేది ఈ జాతి ఖనిజమే. గోడ బీటలు వారితే వాస్తు దోషమని గుమ్మం మార్పించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ముందు చూడవలసింది చూరు నీరు ఎక్కడ పడుతోందన్నది.

ఆ విడిదినీ ఈ మట్టి దశాబ్దాలపాటు పీడించింది. 1963లో అది మూతపడింది, 1970లలో కూల్చివేత దాకా వెళ్లింది. లోపల హోపీ అనే ఆదివాసీ తెగకు చెందిన చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన గోడచిత్రాలున్నాయి. ప్రజలు గట్టిగా పట్టుబట్టడంతో అది నిలిచింది. 1987లో జాతీయ చారిత్రక కట్టడమైంది.

ఆరిజోనాలో జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కుండపోత వానలు కురుస్తాయి. చదును కప్పు మీద పడిన ఆ నీటిని తూము గోడకు ఎంత దూరంగా విసిరితే, పునాది పక్క మట్టి అంత తక్కువగా నానుతుంది.