అబార్షన్ మాత్రలు: చట్టం వెనకబడిన చోట

గర్భస్రావంపై మన చట్టం 1971 నాటిది. అర్హత లేనివారి చేతుల్లో స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకుంటున్న పరిస్థితిని పరిశీలించిన శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదికే దానికి పునాది. అప్పటికి అందుబాటులో ఉన్నవి శస్త్రచికిత్స పద్ధతులే కావడంతో, ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే చట్టం అల్లుకుంది.

మాత్రలు వేరే దారిలో వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన రూసెల్ యూక్లాఫ్ కంపెనీ 1980లో రూపొందించిన మిఫెప్రిస్టోన్, గర్భం నిలవడానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది. దాని తర్వాత వాడే మిసోప్రోస్టాల్ నిజానికి కడుపులో పుండ్లకు వచ్చిన మందు. గర్భాశయాన్ని సంకోచింపజేసే దాని గుణాన్ని 1980ల చివర్లో బ్రెజిల్ స్త్రీలు డాక్టర్ల ప్రమేయం లేకుండానే వాడుకోవడం మొదలుపెట్టారు. మన దేశం మిఫెప్రిస్టోన్‌ను 2002లోనూ, రెండు మందులూ కలిపిన కిట్‌ను తొమ్మిది వారాల్లోపు గర్భానికి 2008లోనూ అనుమతించింది. అయితే ఆ చట్టం కింద వచ్చిన 2003 నాటి నిబంధనలు ఏడు వారాల దగ్గరే ఆగిపోయాయి. ఈ తేడాను సరిదిద్దడానికి 2021 దాకా పట్టింది!

ఈలోగా జనం తమ దారి తాము చూసుకున్నారు. 2015లో దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే ముగిశాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు ఇలా కౌంటర్ మీద చేతులు మారడానికి నిఘా లోపం ఒక్కటే కారణం కాదు. దగ్గర్లో డాక్టర్ లేకపోవడం, ఉన్నా నలుగురికీ తెలుస్తుందన్న భయం, పెళ్లి కాని యువతికి ఎదురయ్యే ప్రశ్నలు కూడా అంతే బలమైన కారణాలు.

సరైన మోతాదులో, సరైన గడువులో వాడితే ఈ మందులు నూటికి 95 మందికి పైగా పనిచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ప్రమాదమల్లా అడగాల్సిన ప్రశ్నలు అడిగేవారు లేకపోవడంలోనే ఉంది. నెల తప్పిన తేదీని తప్పుగా లెక్కిస్తే గర్భస్రావం అసంపూర్ణంగా మిగిలి, తీవ్ర రక్తస్రావానికో ఇన్ఫెక్షన్‌కో దారితీయవచ్చు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారికీ, తీవ్ర రక్తహీనత ఉన్నవారికీ ముప్పు మరింత ఎక్కువ. అన్నిటికన్నా మోసపూరితమైనది గర్భం గర్భాశయంలో కాకుండా, అండాన్ని అక్కడికి చేర్చే ఫెలోపియన్ ట్యూబులో నిలిచిన సందర్భం. దాని మీద ఈ మాత్రలు పనిచేయవు. ట్యూబు చిట్లినప్పుడు వచ్చే నొప్పిని మాత్రల ప్రభావమేనని సరిపెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు గంటల పాటు వరుసగా, గంటకు రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసినా, స్పృహ తప్పుతున్నట్టు అనిపించినా, మాత్రలు ఎక్కడ కొన్నారన్నది పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.