పసిబిడ్డకు రాత్రి ఎప్పుడు తెలుస్తుంది?

1953లో నథానియల్ క్లైట్‌మన్, థియొడోర్ ఎంగెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పసిబిడ్డ నిద్రను బొమ్మగా గీసి ప్రచురించారు. రోజుకు ఒక అడ్డగీత. బిడ్డ పడుకున్నంతసేపూ గీత సాగుతుంది, మేలుకున్న చోట తెగిపోతుంది, పాలు తాగిన చోట ఒక చుక్క పడుతుంది. పుట్టిన 11వ రోజు పైవరుసలో మొదలై 182వ రోజు అడుగు వరుసలో ముగుస్తుంది. ఆ బిడ్డకు ఎవరూ వేళలు పెట్టలేదు. అడిగినప్పుడు పాలిచ్చారు, నిద్రొచ్చినప్పుడు పడుకోనిచ్చారు.

బొమ్మ పైభాగంలో ఒక వరుసకూ ఇంకో వరుసకూ పొంతన ఉండదు. గీతలు, చుక్కలు 24 గంటలంతటా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కొన్ని వారాలు కిందికి దిగితే ఒక విశేషం కనిపిస్తుంది. నిద్ర గీతలు గుంపు కడతాయి గానీ ఆ గుంపు ఒకచోట నిలవదు. నిన్నటి కంటే ఇవాళ కాస్త ఆలస్యంగా, ఇవాళ్టి కంటే రేపు ఇంకాస్త ఆలస్యంగా, ఏటవాలుగా పక్కకు జరుగుతూ పోతుంది. అంటే బిడ్డ ఒంట్లో ఒక లయ పుట్టింది, కానీ అది 24 గంటల కంటే కొంచెం పొడుగ్గా ఉంది, బయటి పగలూ రాత్రితో ఇంకా ముడిపడలేదు. ఇంకా కిందికి వచ్చాకే ఆ ఏటవాలు ఆగి, రాత్రి నిద్ర రాత్రి వైపు కుదురుకుంటుంది.

మొన్న పదింటికే పడుకున్న బిడ్డ ఇవాళ రెండైనా కళ్లు మూయకపోతే, ‘మనం ఏం తప్పు చేశాం’ అని తల్లిదండ్రులు తలపట్టుకుంటారు. వాళ్లందరికీ ఈ బొమ్మ చూపించాలనిపిస్తుంది. తప్పేమీ జరగలేదు. బిడ్డ లోపలి గడియారం ఇంకా తయారవుతోంది, అంతే.

ఆ గడియారం ఉండేది మెదడులో, హైపోథాలమస్ అనే భాగంలో. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని పిలిచే ఒక చిన్న కణాల గుంపు అది. కంటి నుంచి వెలుతురు సమాచారం అందుకుని, చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తుంది. పుట్టేనాటికే ఈ కణాలు ఉంటాయి, వెలుతురుకు స్పందిస్తాయి కూడా. అవి చెప్పిన వేళకు మిగతా శరీరం నడుచుకునే ఏర్పాటు మాత్రం అప్పటికి పూర్తికాదు. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి మెలటోనిన్ మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతూ, బయట రాత్రయిందని తెలియజేస్తుంది. పుట్టుకతో ఆ కబురు ఆగిపోతుంది. బిడ్డ సొంత మెలటోనిన్ రాత్రిపూట స్పష్టంగా పెరగడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో బిడ్డకు రాత్రి రెండూ, మధ్యాహ్నం రెండూ ఒకటే.

ఈ ఎదుగుదలను తొందరపెట్టే మందు లేదు. కాస్త సాయం మాత్రం చేయొచ్చు. 2004లో బ్రిటన్‌లో ఆరు నుంచి పన్నెండు వారాల బిడ్డల మీద జరిగిన ఒక అధ్యయనంలో, రాత్రి బాగా నిద్రపోయే బిడ్డలకు మధ్యాహ్నం తొలి గంటల్లో ఎక్కువ వెలుతురు తగిలినట్టు తేలింది. వెలుతురు వల్లే నిద్ర కుదిరిందని ఆ ఒక్క అధ్యయనంతో తేల్చి చెప్పలేం గానీ, ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు. పగలు బిడ్డ పడుకుంటోందని ఇల్లంతా చీకటి చేయకండి. తలుపులు తీసే ఉంచండి, మాటలూ చప్పుళ్లూ మామూలుగా సాగనివ్వండి. రాత్రి పాలకు లేచినప్పుడు మాత్రం మసక దీపం, తక్కువ మాటలు, అవసరమైతేనే డైపర్ మార్పు. తల్లిపాలలో కూడా రాత్రిపూట మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపుగా ఉండదు. పాలు పిండి నిల్వ చేసే తల్లులు రాత్రి పాలను రాత్రికే వాడేలా సీసా మీద వేళ రాసుకోవడం మంచి ఆలోచన.

అసలు విచిత్రం ఏమిటంటే పసిబిడ్డ నిద్ర తక్కువేమీ కాదు. రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. అదంతా ముక్కలు ముక్కలుగా ఉండటమే ఇబ్బంది. పెద్దవాళ్లలో నిద్ర చక్రం ఒకటి పూర్తి కావడానికి గంటన్నర పడితే, పసిబిడ్డకు 50 నుంచి 60 నిమిషాలే. అందులో దాదాపు సగం చురుకు నిద్ర. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదవి మీద నవ్వు వచ్చి పోతుంది, చేతులు ఉలిక్కిపడతాయి, శ్వాస కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా సాగుతుంది, మూలుగులు వినిపిస్తాయి. షికాగోలో క్లైట్‌మన్ దగ్గర చదువుకున్న యూజీన్ అసెరిన్‌స్కీ మొదట పసిబిడ్డల కనురెప్పల కదలికలనే గమనిస్తూ కూర్చున్నాడు. అక్కడి నుంచే ఆయన పెద్దల నిద్ర వైపు వెళ్లాడు. వేగంగా కళ్లు కదిలే ‘రెమ్’ నిద్ర గురించి వాళ్లిద్దరూ ప్రపంచానికి చెప్పింది కూడా 1953లోనే.

ఇంత చురుకు నిద్ర ఎందుకు? బయటి ప్రపంచం నుంచి అందేది తక్కువగా ఉన్న దశలో మెదడు తనను తానే లోపలి నుంచి ఉత్తేజపరుచుకుంటుందని 1966లో రాఫ్‌వార్గ్, ముజియో, డిమెంట్ ప్రతిపాదించారు. ఎలుక పిల్లల మీద మార్క్ బ్లంబర్గ్ చేసిన ప్రయోగాల్లో నిద్రలోని ఆ చిన్న చిన్న అదుర్లు మెదడుకు తిరిగి సంకేతాలు పంపుతాయని తేలింది. ఏ కండరం కదిలితే ఏ అవయవం కదులుతుందో నేర్చుకోవడానికి అవి పనికొస్తాయని ఆయన వాదన. నాకు ఈ వాదన నచ్చుతుంది. ఇంట్లో మనకు కావలసిన సంగతి కూడా ఇందులో ఉంది. బిడ్డ మూలిగినా, కాళ్లు తన్నుకున్నా లేచిందని కాదు. వెంటనే ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది. ఓ నిమిషం పక్కనే ఉండి చూస్తే చాలాసార్లు మళ్లీ తనే సర్దుకుంటుంది.

చంకలో గాఢంగా పడుకున్న బిడ్డ, పక్క మీద వేయగానే ఠక్కున కళ్లు తెరవడం మీకు తెలిసే ఉంటుంది. జపాన్‌లోని రైకెన్ సంస్థలో కుమి కురోదా బృందం ఈ సమస్య మీదే పనిచేసి 2022లో ఫలితాలు వెల్లడించింది. 21 మంది బిడ్డల గుండె లయను నమోదు చేస్తూ, ఎత్తుకుని నడిచినప్పుడు, ఎత్తుకుని కూర్చున్నప్పుడు, ఉయ్యాలలో ఊపినప్పుడు, కదలని పక్క మీద పడుకోబెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూశారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపు తగ్గి, దాదాపు సగం మంది నిద్రలోకి జారారు. ఊరికే ఎత్తుకుని కూర్చుంటే అంత గుణం కనిపించలేదు. పక్క మీద వేసినప్పుడు మూడోవంతు మంది 20 సెకన్లలోపే లేచారు. అయితే గుండె వేగం మారింది వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి బిడ్డ ఒళ్లు విడివడటం మొదలైనప్పుడు. చేతుల్లో ఎక్కువసేపు నిద్రపోయిన బిడ్డలు మాత్రం దించినా పెద్దగా లేవలేదు. అందుకే వాళ్ల సలహా ఇది: ఐదు నిమిషాలు నడవండి, నిద్రపట్టాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోండి, ఆ తర్వాత పడుకోబెట్టండి. ఇది నమోదైన కొలతల మీద ఆధారపడిన సలహా. చిన్న అధ్యయనమే అయినా చేసి చూడదగ్గది.

ఒక జాగ్రత్త తప్పదు. అలా కూర్చున్నప్పుడు మీకే కునుకు పట్టేలా ఉంటే బిడ్డను ఇంకొకరికి ఇవ్వండి. బిడ్డను పట్టుకుని సోఫాలో నిద్రపోవడం అత్యంత ప్రమాదకరం. పక్క చదునుగా, గట్టిగా ఉండాలి. దిండ్లు, మెత్తటి దుప్పట్లు, బొమ్మలు ఉండకూడదు. ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ వెల్లకిలా ప్రచారం మొదలయ్యాక, నిద్రలో పసిబిడ్డల ఆకస్మిక మరణాలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గాయి.

ఇక పాల సంగతి. కుందేలు తన పిల్లలకు రోజుకు ఒక్కసారి, కొన్ని నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. అవి అంత చిక్కని పాలు. హుడెడ్ సీల్ అనే సముద్ర జంతువు పాలలో 60 శాతం దాకా కొవ్వే. దాని పిల్ల నాలుగు రోజుల్లో పాలు మానేస్తుంది. మనిషి పాలు అలాంటివి కావు. కొవ్వు సుమారు 4 శాతం, ప్రొటీన్ ఒక శాతం. పల్చటి పాలు త్వరగా అరుగుతాయి. తల్లి ఒంటిని అంటిపెట్టుకుని మాటిమాటికీ తాగే బిడ్డ కోసం తయారైన పాలవి. తాగిన శక్తిలో పెద్దవాటా మెదడుకే పోతుంది. మొదటిరోజు ఒక్కోసారికి బిడ్డ తాగే ముర్రుపాలు 2 నుంచి 10 మిల్లీలీటర్లే, అంటే చెంచా అటూ ఇటూ. అది చాలదని కంగారుపడనక్కర్లేదు. మూడు నాలుగు రోజుల్లో ఆ పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

2006లో ఆస్ట్రేలియాలో జాక్వెలిన్ కెంట్ బృందం, తల్లిపాలు మాత్రమే తాగుతూ బాగా ఎదుగుతున్న 71 మంది బిడ్డలు రోజంతా ఎంతెంత తాగుతున్నారో తూకం వేసి చూసింది. ఒకటి నుంచి ఆరు నెలల వయసు వాళ్లు. సగటున రోజుకు 11 సార్లు తాగారు. కానీ ఆ సగటు వెనుక 6 సార్లు తాగే బిడ్డా ఉంది, 18 సార్లు తాగే బిడ్డా ఉంది. రోజు మొత్తంలో తాగిన పాలు 478 గ్రాముల నుంచి 1356 గ్రాముల దాకా ఉన్నాయి. అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. మూడింట రెండొంతుల మంది రాత్రి కూడా తాగారు, రోజు మొత్తం పాలలో ఐదోవంతు రాత్రివే. ‘మా చుట్టాల బిడ్డ మూడు గంటలకోసారే తాగుతుంది, మావాడేంటి ఇలా’ అన్న పోలికకు అర్థం లేదని చెప్పడానికి ఈ అంకెలు చాలు.

సాయంత్రాలు చాలామంది బిడ్డలు అరగంటకోసారి పాలకు ఏడుస్తారు. అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు ‘పాలు చాలట్లేదేమో’ అంటారు. ఆ మాటతో తల్లి టెన్షన్ రెట్టింపవుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత వేగంగా పాలు తయారవుతాయి కాబట్టి, ఈ వరుస తాగుడు వల్ల పాలు పెరుగుతాయే తప్ప తరగవు. చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏడుపును కాదు, డైపర్లను చూడాలి. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు తడి డైపర్లు ఉండాలి. మొదట్లో కాస్త తగ్గిన బరువు రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరాలి. డబ్బా పాలు తాగే బిడ్డకైనా గడియారం కంటే ఆకలి సూచనలే ముఖ్యం. తల పక్కకు తిప్పి వెతుక్కోవడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం మొదట వస్తాయి. ఏడుపు చివర వస్తుంది. ఏడ్చేదాకా ఆగితే పాలు పట్టడమే కష్టమవుతుంది.

20వ శతాబ్దం మొదట్లో న్యూజిలాండ్ వైద్యుడు ట్రూబీ కింగ్, పాలు నాలుగు గంటలకోసారే ఇవ్వాలని, రాత్రి అసలు ఇవ్వకూడదని గట్టిగా ప్రచారం చేశాడు. ఆ మాట నమ్మి ఎందరో తల్లులు పక్క గదిలో బిడ్డ ఏడుస్తుంటే గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంత క్షోభ అది! బిడ్డ శరీరం ఎలా పనిచేస్తుందో చూడకుండా పెట్టిన నియమం ఎంతమందిని బాధపెట్టగలదో ఆ కాలం చూపిస్తుంది. ఇప్పటికీ వినిపించే మరో సలహా, రాత్రి సీసాలో ధాన్యపు పొడి కలిపితే బిడ్డ తెల్లవార్లూ పడుకుంటుందని. 1989లో అమెరికాలో దీన్ని పరీక్షించి చూశారు. నిద్రలో తేడా రాలేదు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు కూడా అవసరం లేదు.

ఆరో వారం దగ్గర చాలా ఇళ్లలో ధైర్యం సన్నగిల్లుతుంది. 1962లో బెర్రీ బ్రేజల్టన్ 80 మంది బిడ్డల ఏడుపును నమోదు చేస్తే, ఆరు వారాలకు అది రోజుకు రెండు ముప్పావు గంటల దాకా చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎక్కువగా సాయంత్రాలే. పాలు పట్టి, డైపర్ మార్చి, ఎత్తుకుని తిప్పినా ఆగని ఏడుపు కూడా ఉంటుంది. కోపం ముంచుకొస్తే బిడ్డను భద్రమైన పక్క మీద వెల్లకిలా వేసి కొన్ని నిమిషాలు గది బయటికి వెళ్లండి. ఎట్టి పరిస్థితిలోనూ బిడ్డను పట్టి ఊపేయకూడదు. మెదడులో రక్తస్రావం కావచ్చు.

నా ఉద్దేశంలో ఈ మూడు నెలల్లో కూడగట్టుకున్న శక్తిని బిడ్డ నిద్రను దిద్దడానికి ఖర్చు చేయడం దండగ. దిద్దగలిగింది పెద్దవాళ్ల నిద్రనే. 2010లో అమెరికాలో కొత్త తల్లుల నిద్రను చేతికి కట్టే పరికరాలతో కొలిచినప్పుడు, సగటున రాత్రికి ఏడు గంటలకు పైనే పడుకున్నట్టు తేలింది. అయినా పగలు తూలిపోతున్నారంటే, లోటు గంటల్లో లేదు, తెగిపోవడంలో ఉంది. కాబట్టి ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ ప్రతిసారీ లేవడం వల్ల లాభం లేదు. రాత్రిని రెండుగా పంచుకోండి. ఒకరు తొమ్మిది నుంచి రెండు దాకా, ఇంకొకరు ఆ తర్వాత. ప్రతి ఒక్కరికీ తెగని నాలుగైదు గంటలు దక్కాలన్నదే లెక్క. పాలిచ్చే తల్లి లేవక తప్పకపోతే, పాలు తాగించాక త్రేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, ఎత్తుకుని తిప్పడం మొత్తం మరొకరు చేయాలి. ఒంటరిగా పెంచుతున్నవాళ్లకు చుట్టాలు, స్నేహితులు ఇవ్వగలిగిన అన్నిటికంటే మంచి కానుక పగటి పూట మూడు గంటల నిద్ర.

ఈ పంపకాన్ని పది రోజుల ఏర్పాటులా కాక కొన్ని నెలలకు సరిపడేలా చేసుకోవాలి. 2018లో వెలువడిన కెనడా అధ్యయనంలో ఆరు నెలల బిడ్డల్లో 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు కూడా పడుకోవడం లేదు. ఏడాది వయసులో 28 శాతం మంది అంతే. అలా లేచే బిడ్డల మానసిక, శారీరక ఎదుగుదలలో మిగతావాళ్లతో పోలిస్తే తేడా కనిపించలేదు.

రెండు సందర్భాల్లో మాత్రం ‘పసిబిడ్డలు ఇంతేలే’ అని ఊరుకోకూడదు. ఒకటి బిడ్డది: మూడు నెలల లోపు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, లేపినా పాలకు లేవనంత మత్తు, తడి డైపర్లు తగ్గిపోవడం, ఊపిరి తీయడానికి ఇబ్బంది, ఒంటి మీద ముదురుతున్న పచ్చదనం (పచ్చకామెర్లు). వీటిలో ఏది కనిపించినా అది ఏ వేళైనా సరే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండోది తల్లిది. బిడ్డ పడుకుని, చూసుకునే మనిషి పక్కనే ఉన్నా తల్లికి నిద్ర పట్టకపోతే, రెండు వారాలైనా దిగులు వదలకపోతే, అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. చికిత్సతో నయమవుతుంది. డాక్టర్‌తో ‘నిద్ర ఉండట్లేదు’ అని మాత్రమే అంటే బిడ్డ వల్లేనని అనుకునే వీలుంది, అందుకే ‘పడుకునే వీలున్నా నిద్ర పట్టట్లేదు’ అని స్పష్టంగా చెప్పాలి. తల్లి చెప్పలేకపోతే, గమనించినవాళ్లు వెంట వెళ్లి చెప్పాలి.