నూనె పొర మీద వోల్టేజీ

తిరుగుతున్న బేరింగులో ఉక్కు గుండుకూ అది దొర్లే గాడికీ మధ్య ఉండే నూనె పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్‌లోపే. లోహాన్ని లోహం తాకకుండా చూడడమే దాని పని అనుకుంటాం. కానీ ఆ పొర పదో వంతు మైక్రాన్ మందాన ఉన్నప్పుడు దాని మీద ఒక్క వోల్టు పడినా అక్కడి విద్యుత్ క్షేత్రం మీటరుకు కోటి వోల్టులవుతుంది. మామూలు గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి సుమారు 30 లక్షలు చాలు.

ఇన్వర్టరుతో, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసేలా కరెంటును మార్చి పంపే పరికరంతో, నడిచే మోటార్లకు ఇది నిత్య సమస్య. ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు తెగి కలిసే పల్సులను పంపుతుంది; మూడు ఫేజుల వోల్టేజీల మొత్తం సున్నా కాకపోవడం వల్ల అందులో కొంత భాగం షాఫ్టు మీదికి చేరుతుంది. నూనె పొర కెపాసిటరులా ఆ ఆవేశాన్ని కాసేపు నిలిపి, ఇక తట్టుకోలేని క్షణాన దారి ఇచ్చేస్తుంది. రవ్వ పడినచోట ఉక్కు కరిగి సూక్ష్మమైన గుంట మిగులుతుంది. అలాంటివి లెక్కలేనన్ని చేరితే గాడి మసకబారుతుంది. కొన్ని బేరింగుల్లో వరుసగా అడ్డచారలు పడి కంపనం, రొద మొదలవుతాయి. గ్రీజు కూడా మాడి నల్లబడుతుంది కనుక నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది: ఉపరితలం గరుకెక్కుతున్న సమయంలోనే దాన్ని కాపాడవలసిన కందెన శక్తి కోల్పోతుంది. కరెంటు పారని సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్ గుండ్లు వాడి కరెంటును అడ్డుకోవచ్చు గానీ, షాఫ్టును ఎర్త్ చేయకపోతే ఆ కరెంటు గేర్‌బాక్సు వైపు దారి వెతుక్కుంటుంది. అందుకే ఒక్క బేరింగును విడిగా చూసి చేసే మరమ్మతును నేను అసంపూర్ణమనే అంటాను.

రవ్వ పుట్టకపోయినా క్షేత్రం ఊరుకోదు. నూనెలో కలిపే ధ్రువ అణువులు (ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఎక్కువగా ఉండేవి) లోహానికి ఎంత గట్టిగా అంటుకుంటాయో ఆ ఉపరితలపు విద్యుత్ స్థితిని బట్టి మారుతుంది. దానితో ఘర్షణ పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. కరెంటుతో ఘర్షణ మారుతుందన్న సంగతిని ఎడిసన్ 1870లలోనే రసాయన ద్రావణంతో తడిసిన ఉపరితలాలపై గమనించి, టెలిఫోను రిసీవరులో వాడుకున్నాడు.

అయస్కాంత క్షేత్రం తీరు వేరు. మామూలు నూనె దానికి దాదాపు స్పందించదు; ప్రభావమంతా ఉక్కు ద్వారానే. అరిగి రాలిన ఉక్కు పొడిని క్షేత్రం అక్కడే పట్టి ఉంచుతుంది. నూనె లేని ఘర్షణలో ఆ రజను మరింత నలిగి, ఆక్సీకరణ చెంది, రక్షణ పొరగా మారవచ్చు. నూనెలో అదే రజను గీతలు పెట్టే ప్రమాదమూ ఉంది.

విద్యుత్ వాహనాల్లో చిక్కు మరింత ముదురుతుంది. ఆవేశం నిలవకుండా నూనె వాహకతను పెంచుదామంటే, కొన్ని నమూనాల్లో గేర్లను తడిపే ఆ నూనే మోటారు తీగచుట్టలనూ చల్లబరుస్తుంది. అక్కడ అది విద్యుత్ నిరోధకంగా ఉండితీరాలి.